వాయుగుండం అనగానే హోయా తీగని ఏం చెయ్యాలి

సెప్టెంబరు నెలాఖరు వచ్చిందంటే మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళెవరూ ఫోన్‌లో వాతావరణం చూడకుండా పడుకోరు. గులాబ్ తుపాను 2021లో సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018లో అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస వైపు వచ్చింది, హుద్‌హుద్ 2014లో అక్టోబరు 12న. అన్నీ దసరా అటూ ఇటూలోనే. విజయనగరంలో పైడితల్లి సిరిమాను సంబరం కూడా ఆ రోజుల్లోనే కదా, ఇంటికి చుట్టాలు, బయట జనం, ఆ హడావుడిలో బాల్కనీలో వేలాడే కుండీ ఎవరికి గుర్తుంటుంది. అందుకే ముందే రాస్తున్నాను.

ఇది ముఖ్యంగా హోయా ఉన్నవాళ్ళకి. నర్సరీ ఆటోల వాళ్ళు వ్యాక్స్ ప్లాంట్ అని అమ్ముతారు చూడండి, దళసరి ఆకులు, మైనం పూసినట్టు మెరిసే చిన్న చిన్న పూలు గుత్తిగా కిందికి వేలాడుతూ, రాత్రి వాసన ఇల్లంతా పట్టేసే తీగ, అదే. జిల్లేడుకి చుట్టమే ఇది, ఆకు తుంచితే పాలు కారతాయి. ఇంట్లో కిటికీ పక్కన హాయిగా పెరిగి పూసే తీగల్లో దీన్ని మించింది నాకు కనిపించలేదు, సన్నజాజికి ఎండ కావాలి, దీనికి పొద్దుటి ఎండ కాసేపు పడితే చాలు.

తుపాను అంటే అందరికీ గాలి మీదే భయం. హోయాని గాలి చంపేది తక్కువ. మహా అయితే నాలుగు తీగలు విరుగుతాయి, మళ్ళీ చిగురిస్తుంది. దాన్ని చంపేది నీళ్ళు, అదీ వాన వెలిసిన వారం పది రోజులకి, మనం ఇంక గండం గడిచింది అనుకున్నాక. అడవుల్లో ఇది చెట్ల కొమ్మల మీద, బెరడు సందుల్లో వేళ్ళు పెట్టుకుని బతికే జాతి. ఎంత వాన పడినా నీళ్ళు జారిపోతాయి, వేళ్ళకి గాలి తగులుతూనే ఉంటుంది. కుండీలో మట్టి మూడు రోజులు నానిందంటే ఆ గాలి ఆగిపోతుంది, వేళ్ళు కుళ్ళడం మొదలవుతుంది.

అందుకని జాగ్రత్త అనేది ఆకాశం మబ్బు పట్టకముందే, కుండీ లోపల మొదలు కావాలి. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు చాలావరకు బంకమట్టి ఎర్రమట్టి ముద్దతో వస్తాయి. ప్రయాణంలో వేళ్ళు ఆరిపోకుండా అది వాళ్ళకి సౌకర్యం, మన వానాకాలానికి మాత్రం అదే విషం. వేసవి మొదట్లోనే, అంటే ఫిబ్రవరి మార్చిలో, ఆ ముద్దని మెల్లగా విడదీసి కొబ్బరి డొక్క ముక్కలు, బొగ్గు ముక్కలు, కాస్త వర్మీ కంపోస్టు కలిపిన దాంట్లోకి మార్చుకోవాలి. కొబ్బరి డొక్కకి మనకేం కరువు, కవిటి, సోంపేట, కంచిలి వైపు చుట్టాలుంటే బస్తా అడిగితే బస్తా పంపిస్తారు. కాకపోతే అందులో ఉప్పు, కషాయం రంగు ఉంటాయి, రెండు మూడుసార్లు నీళ్ళు మార్చి నానబెట్టి పిండి వాడండి. కుండీ పెద్దది పెట్టొద్దు. హోయాకి ఇరుకే ఇష్టం, పెద్ద కుండీ అంటే ఎక్కువ తడి, అంతకు మించి లాభం లేదు. ఇప్పుడు అక్టోబరులో ఇది చదువుతున్నవాళ్ళు మాత్రం కుండీ మార్చే పని పెట్టుకోకండి, ఈ సీజన్‌కి అడుగు చిల్లులు మూసుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూసుకుంటే సరి.

ఇక వాతావరణ కేంద్రం మాటల్ని బట్టి నడుచుకోవడం తేలిక. ముందు అల్పపీడనం అంటారు, తర్వాత గాలి గంటకి 31 నుంచి 49 కిలోమీటర్లుంటే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62కి చేరితే తుపాను, పేరు పెట్టేది అప్పుడే. పేరు పెట్టేదాకా ఆగడం మనవాళ్ళ అలవాటు. మొక్కల విషయంలో అది ఆలస్యం, ఎందుకంటే అప్పటికే ఒక రోజు వాన పడిపోయి ఉంటుంది.

అల్పపీడనం అన్న రోజున నీళ్ళు ఆపేయండి. మట్టి ఆరి ఉన్నా పర్లేదు, ఆ దళసరి ఆకుల్లో వారానికి సరిపడా నీళ్ళు దాచుకునే ఉంటుంది. అదే రోజు ఆకుల అడుగు భాగం, ఆకు కాండాన్ని పట్టుకునే మూల, పూల కాడల దగ్గర తెల్లగా దూదిలాంటి పిండినల్లి ఉందేమో చూడండి. కుండీ చుట్టూ చీమలు బారులు కట్టాయంటే ఉన్నట్టే లెక్క, ఆ పురుగు వదిలే తీపి కోసం చీమలే దాన్ని కాపాడతాయి. పురుగున్న కుండీని అలాగే లోపలికి తెచ్చి గాలాడని గదిలో మిగతా మొక్కల పక్కన పెడితే నాలుగు రోజుల్లో అన్నిటికీ పాకుతుంది. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ దూది మీద వేసి తుడవండి, ఎక్కువగా ఉంటే లీటరు నీళ్ళకి అయిదు ఎం.ఎల్. వేపనూనె, నాలుగు చుక్కల షాంపూ కలిపి సాయంత్రం పూట కొట్టండి. నూనె కొట్టి వెంటనే ఎండలో పెడితే ఆకు మాడుతుంది, అందుకే సాయంత్రం.

వాయుగుండం అన్నారా, కుండీ దిగాలి. తీగ బతుకుతుందా లేదా అన్నది తర్వాతి సంగతి, రెండో అంతస్తు బాల్కనీ కొక్కేనికి వేలాడే కుండీ తెగి కింద నడిచేవాళ్ళ నెత్తి మీద పడితే? డాబా పిట్టగోడ మీద వరసగా పేర్చిన కుండీలు కూడా అంతే, అన్నీ కిందికి దించి గోడ మూలకి చేర్చండి. డాబా మీదే మూలన పెట్టేవాళ్ళు నీళ్ళు పోయే గొట్టానికి అడ్డం పెట్టకండి, రాలిన ఆకులు అక్కడ పేరుకుంటే డాబా చెరువైపోతుంది, ఆ చెరువులో కుండీలు రాత్రంతా నానతాయి.

దించేటప్పుడు ఓపిక కావాలి. కిటికీ ఊచలకి అల్లుకున్న తీగని లాగకండి. కొస నుంచి మొదలుపెట్టి, ఎటు చుట్టుకుందో దానికి ఎదురుగా తిప్పుకుంటూ విప్పండి, విప్పిన తీగని ఒక వైరు రింగుకో, కుండీలో గుచ్చిన రెండు వెదురు పుల్లలకో వదులుగా చుట్టి మెత్తటి గుడ్డపీలికతో కట్టండి. బారెడు పొడవున ఆకుల్లేకుండా సాగిన తీగలు కనిపిస్తాయి, ఎండిపోయాయని కత్తిరించేస్తారు చాలామంది, అవి ఎండినవి కావు, పట్టుకోవడానికి చోటు వెతుక్కుంటున్న కొత్త తీగలు, ఆకులు తర్వాత వస్తాయి. ఇంకోటి, పూలు రాలిపోయాక మిగిలే పొట్టి కాడలు. చూడ్డానికి ఎండుపుల్లలా ఉంటాయి గానీ వచ్చే ఏడు పూసేది మళ్ళీ ఆ కాడ మీదే. సర్దే తొందరలో అవి విరిగితే ఆ చోట పువ్వు పోయినట్టే, కొత్త కాడ వేసేదాకా ఎదురు చూడాలి. తీగ ఎక్కడైనా చిట్లి పాలు కారితే తడిగుడ్డతో అద్దండి, ఆ చెయ్యి కంట్లో పెట్టుకోకండి, కొందరికి చర్మం మీద దద్దుర్లు కూడా వస్తాయి.

మొగ్గలున్నవి కదిపితే రాలతాయి. వాటికోసం బయట ఉంచేస్తానంటే మీ ఇష్టం, నేనైతే మొగ్గలు పోయినా తీగని లోపల పెట్టమనే చెప్తాను.

లోపల అంటే ఎక్కడ? తూర్పు కిటికీ ఉంటే దానికి రెండడుగుల దూరంలో, జల్లు కొట్టని చోట. వెలుతురు తగ్గినా వారం రోజులకి ఏమీ కాదు. కుండీల్ని ఒకదానికొకటి ఆనించి కుక్కొద్దు, మధ్యలో చెయ్యి పట్టేంత జాగా ఉంచండి. తిత్లీ అప్పుడు చాలా ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్యాను తిరగదు, తలుపులు మూసి ఉంటాయి, ఆ ఉక్కలో ఆకుల మీద నల్లమచ్చలు, బూజు ఇట్టే వస్తాయి. వాన కాస్త తెరిపివ్వగానే ఒక తలుపు తీసి గాలి ఆడనివ్వండి. బయట ఉన్నవాటికి ప్లాస్టిక్ పరదా కప్పి కట్టేయడం మాత్రం ఎంత మాత్రం వద్దు. గాలికి అది తెరచాపలా పొంగి కుండీతో సహా లాక్కుపోతుంది, పోకపోతే లోపల ఆవిరి పట్టి కుళ్ళబెడుతుంది.

కుండీల కింది పళ్ళేలు ఈ రోజుల్లో తీసి పక్కన పడేయండి. మొక్కకీ మంచిది కాదు, మనకీ మంచిది కాదు. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు, వాన తర్వాత వచ్చే జ్వరాలకి పళ్ళెంలో నిలిచిన ఆ కాసిని నీళ్ళే కారణం కావచ్చు.

ఇప్పుడు అసలు సంగతి, వాన వెలిశాక. తుపాను వెళ్ళిన మర్నాడు ఎండ ఎలా కాస్తుందో మనకి తెలుసు, ఆకాశం కడిగేసినట్టుండి చుర్రుమంటుంది. అయిదారు రోజులు నీడలో ఉన్న హోయాని పట్టుకెళ్ళి ఆ ఎండలో పెడితే ఆకులు తెల్లబారి మాడిపోతాయి, మాడిన ఆకు మళ్ళీ పచ్చబడదు. ముందు నీడలో, రెండు మూడు రోజులయ్యాక పొద్దుటి ఎండలో, అలా వెనక్కి తీసుకెళ్ళండి. బారువ, కళింగపట్నం, భావనపాడు, ఇటు భోగాపురం, చింతపల్లి వైపు సముద్రం దగ్గరున్నవాళ్ళకి ఇంకో బెడద, ఉప్పుగాలి. ఆకు అంచులు గోధుమరంగుకి తిరగకముందే మంచినీళ్ళతో ఆకు రెండువైపులా కడగాలి. మట్టి మీద ఉప్పునీటి జల్లు పడి ఉంటే మంచినీళ్ళు ధారాళంగా పోసి అడుగు నుంచి కారిపోనివ్వాలి, ఈ ఒక్కసారికి నీళ్ళు పోయొచ్చు.

మా ఎదురింటి వదినగారు ఓ ఏడాది తుపాను వెళ్ళాక పిలిచి చూపించారు. "ఆకులన్నీ ముడతలు పడిపోయాయండి, పాపం దాహంతో ఉన్నట్టుంది, పొద్దున్న రెండు చెంబులు పోశాను, సాయంత్రం ఇంకో చెంబు పోశాను, అయినా లేవట్లేదు" అన్నారు. ఆకు వేళ్ళ మధ్య పట్టుకుంటే చర్మం ఊడొచ్చేలా మెత్తగా ఉంది. వేలు మట్టిలో రెండు కణుపుల దాకా దించితే చల్లగా తడి, వేలికి మురుగు వాసన. దాహం కాదది, తాగే వేళ్ళే లేవు. ఇక్కడే అందరూ పొరబడతారు. హోయాకి నీళ్ళు చాలకపోయినా ఆకు ముడుచుకుంటుంది, వేళ్ళు కుళ్ళినా ఆకు అలాగే ముడుచుకుంటుంది. తేడా చెప్పేది మట్టే. ముడతలుండి మట్టి పొడిగా ఉంటే నీళ్ళు పోయండి, రెండో రోజుకి ఆకు బిగుస్తుంది. ముడతలుండి మట్టి తడిగా ఉంటే చుక్క కూడా పోయకండి, కుండీలోంచి లాగి చూడండి. తెల్లగా గట్టిగా ఉన్న వేళ్ళు ఉంచి, నల్లగా జారిపోయేవి కత్తిరించి, ఒక పూట నీడలో ఆరనిచ్చి, పొడి డొక్క ముక్కల్లో చిన్న కుండీలో పెట్టండి. మంచి వేరు ఒక్కటీ లేకపోతే తీగ కొసలు కత్తిరించుకోవడమే దారి.

ఆ కొసలేవో తుపానుకి ముందే కత్తిరించి పెట్టుకుంటే ఇంత టెన్షనే ఉండదు, నన్నడిగితే ఈ సీజన్‌కి చెయ్యాల్సిన అన్నిటికంటే మంచి పని అదే. సెప్టెంబరు మొదట్లో ఆరోగ్యంగా ఉన్న తీగ నుంచి రెండు కణుపులున్న ముక్క తీసుకుని, పాలు కారడం ఆగేదాకా కడిగి, గంటసేపు ఆరబెట్టి, కింది కణుపు మునిగేలా గాజు సీసాలో నీళ్ళలోనో, పిండిన కోకోపీట్‌లోనో, అంటే కొబ్బరిపీచు పొట్టులోనో, పెట్టండి. మూడు నాలుగు వారాల్లో వేళ్ళు కనిపిస్తాయి. కణుపు తప్పనిసరి. ఆన్‌లైన్లో హృదయం ఆకారంలో ఒంటి ఆకుని చిన్న కుండీలో గుచ్చి అమ్ముతారే, అదీ హోయానే, కణుపు లేకుండా కోసిన ఆకైతే వేళ్ళు వేసి ఏళ్ళ తరబడి పచ్చగా ఉంటుంది గానీ తీగ సాగదు, పువ్వు పూయదు. కణుపున్న ముక్కలు రెండు వేరే ఇంట్లో, అక్కయ్య దగ్గరో పక్కింట్లోనో ఉంచితే ఇంకా నిశ్చింత.

నేలలో పాతిన రాధామనోహరం, సన్నజాజి, కాగితపు పూల తీగల్ని లోపలికి తేలేం కాబట్టి పైన గుబురు పలచన చేసి గాలి వెళ్ళడానికి దారివ్వండి, పందిరి రాటలు కదులుతున్నాయేమో చూసుకోండి. తీగ కరెంటు సర్వీసు వైరు మీదకి పాకి ఉంటే మీరు కత్తెర పట్టుకోకండి, లైన్‌మన్‌ని పిలవండి. తుపాను తర్వాత ఆ తీగ కింద పడి ఉన్నా సరే, వైరు అందులో ఉందో లేదో తేలేదాకా ముట్టుకోవద్దు, పిల్లల్ని అటు పోనివ్వొద్దు.

అక్టోబరు దాటితే అయిపోయినట్టు కాదు, నవంబరు, డిసెంబరుల్లోనూ బంగాళాఖాతంలో అల్పపీడనాలు పుడుతూనే ఉంటాయి. అందుకని వైరు రింగుకి చుట్టిన తీగని మళ్ళీ కిటికీకి అల్లించే తొందర పెట్టుకోకండి, సంక్రాంతి వెళ్ళేదాకా రింగు మీదే ఉంచండి, ఎరువు కూడా అప్పటిదాకా వద్దు. చలికాలంలో పది పన్నెండు రోజులకోసారి, వేలు పెట్టి చూసి మట్టి లోపలిదాకా ఆరిందనుకుంటేనే నీళ్ళు. ఫిబ్రవరిలో కొత్త చిగురు కనిపించాక ఎరువు మొదలుపెట్టొచ్చు.