రిజల్ట్స్ బాగానే ఉన్నాయి కదా, మరి షేర్ ఎందుకు పడింది?

సమస్య: లాభం పెరిగిందని న్యూస్ వచ్చింది, పొద్దున్నే చూస్తే షేర్ ఢమాల్.

కారణం: అయిపోయిన క్వార్టర్ మీద ఆశలన్నీ ముందే రేటులోకి ఎక్కేసి ఉంటాయి, ఆ తర్వాత మార్కెట్ చూసేది గైడెన్సే, అంటే ముందు ముందు ఎలా ఉంటుందని కంపెనీ చెప్పే అంచనా. 2023 ఏప్రిల్ 13న ఇన్ఫోసిస్ అదే చూపించింది, లాభం ఏడాది మీద దాదాపు 8 శాతం పెరిగింది కానీ కొత్త సంవత్సరానికి ఆదాయం గ్రోత్ 4 నుంచి 7 శాతమే అన్నారు. మర్నాడు అంబేద్కర్ జయంతి సెలవు, ఆపైన శని ఆదివారాలు, ఈలోపు న్యూయార్క్‌లో ఏడీఆర్ (అమెరికా మార్కెట్‌లో ట్రేడయ్యే ఇన్ఫోసిస్ షేర్ రూపం) పడిపోయింది, సోమవారం 17న మన దగ్గర 9 శాతం పైనే పోయింది, మిగతా ఐటీ షేర్లనీ లాక్కెళ్లింది. అమెరికా చిప్ కంపెనీ ఎన్విడియా అయితే 2024 ఆగస్టులో అంచనాలు దాటి మరీ మర్నాడు 6 శాతం పడింది, ఎందుకంటే జనం అంతకంటే ఎక్కువే ఆశపడ్డారు.

పరిష్కారం: లాభం అంకె చూసి ఎగబడొద్దు. గైడెన్స్ ఎంత, అనలిస్టులు ఎంత అనుకున్నారు, రిజల్ట్స్ ముందు నెలలో షేర్ ఎంత ఎగిరింది, ఇవి చూడండి. ముందే బాగా ఎగిరిపోయుంటే మంచి వార్తకి కూడా అమ్మేవాళ్లే ఎక్కువుంటారు.

సమస్య: స్టాప్‌లాస్ (రేటు ఇంతకి పడితే అమ్మెయ్యమని ముందే పెట్టే ఆర్డర్) పెట్టాను, అయినా బుక్కయ్యాను.

కారణం: గ్యాప్ డౌన్, అంటే నిన్నటి రేటు కంటే బాగా కిందే ఓపెన్ అవడం. లిమిట్ రేటు (ఇంతకంటే తక్కువకి అమ్మొద్దని పెట్టింది) కంటే కిందే ఓపెన్ అయితే ట్రిగ్గర్ పడి ఆర్డర్ మార్కెట్‌లోకి వెళ్తుంది గానీ అమ్ముడవకుండా పెండింగ్‌లోనే ఉండిపోద్ది. మార్కెట్ రకం పెడితే అమ్ముడవుద్ది, కాకపోతే అప్పుడు దొరికిన రేటుకే. ఇంకోటి, మామూలు స్టాప్‌లాస్ ఆ రోజుతోనే క్యాన్సిల్, గురువారం పెట్టింది సోమవారానికి ఉండదు, చాలామంది ఇది చూసుకోరు.

పరిష్కారం: రిజల్ట్స్ ముందే క్వాంటిటీ తగ్గించుకోవడం, లేదా ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఉన్న షేరైతే ఒక పుట్ (ముందే ఖాయం చేసిన రేటుకి అమ్మే హక్కు) కొనుక్కోవడం. జీటీటీ (రోజు దాటినా ఉండే ఆర్డర్) పెట్టినా అది గ్యాప్‌ని ఆపలేదు.

సమస్య: కాల్ (ఖాయమైన రేటుకి షేర్ కొనే హక్కు) కొన్నా, షేర్ పెరిగింది కూడా, ప్రీమియం (ఆ హక్కు ధర) మాత్రం తగ్గింది!

కారణం: ఐవీ క్రష్, అంటే షేర్ ఎంత ఊగుద్దన్న మార్కెట్ అంచనా (ఇంప్లైడ్ వొలటాలిటీ) ఒక్కసారిగా పడిపోవడం. ఏం జరుగుద్దో తెలీని టెన్షన్‌కి ప్రీమియం ఉబ్బుద్ది, రిజల్ట్స్ రాగానే ఆ గాలి దిగిపోద్ది.

పరిష్కారం: కొనేముందు ఏటీఎం (ఇప్పటి షేర్ రేటుకి దగ్గరున్న స్ట్రైక్, అంటే ఖాయమైన రేటు) కాల్, పుట్ ప్రీమియంలు కలిపి చూడండి, ఎక్స్‌పైరీ లోపు ఎంత కదులుద్దని మార్కెట్ అనుకుంటోందో సుమారుగా తెలుస్తుంది. షేర్ అంతకంటే ఎక్కువ కదులుద్దని మీకు గట్టి లెక్క లేకపోతే విడి కాల్ వద్దు, పై స్ట్రైక్ కాల్ ఒకటి అమ్మి స్ప్రెడ్‌గా చేసుకోండి, అప్పుడు పోయేది కూడా తగ్గుద్ది.