విషయ వర్గాల ద్వారా విద్యా వెబ్‌సైట్లను వెతకడం

చెన్నైలోని తెలుగు ఇళ్లలో పిల్లలు బడిలో ఇంగ్లీషులోనో తమిళంలోనో విన్న పాఠాన్ని ఇంటికి వచ్చాక తెలుగులో చెప్పమంటారు. ఆ పాఠం పేరును గూగుల్‌లో టైపు చేస్తే కోచింగ్ సంస్థల ప్రకటనలే ముందు కనిపిస్తాయి. అసలు పేరే తెలియకపోతే టైపు చేయడానికీ ఏమీ ఉండదు. అటువంటప్పుడు పెద్ద శాస్త్రం నుంచి చిన్న శాఖకు దిగుతూ, విషయ వర్గాలను పట్టుకుని వెతకడమే మేలు. వెబ్ మొత్తాన్ని ఇలా వర్గీకరించిన యాహూ డైరెక్టరీ 2014లో, డీమాజ్ 2017లో మూతపడ్డాయి కనుక, ఇప్పుడు పెద్ద విద్యా పోర్టళ్లు తమ లోపల ఏర్పరచుకున్న వర్గాలనే వాడుకోవాలి.

పాఠశాల స్థాయికి, కేంద్ర ప్రభుత్వం బడి పాఠాల కోసం నడిపే దీక్షా పోర్టల్‌తో మొదలుపెట్టవచ్చు. అందులో బోర్డు, మాధ్యమం, తరగతి ఎంచుకున్నాక పాఠ్యాంశాలు కనిపిస్తాయి. తమ పిల్లల బోర్డునే ఎంచుకుని, తెలుగు లేదని వెనుదిరిగితే ప్రయోజనం లేదు. తెలుగు వివరణ కావాలంటే సీబీఎస్‌ఈని కాసేపు పక్కన పెట్టి, ఆంధ్రప్రదేశ్ బోర్డును, తెలుగు మాధ్యమాన్ని ఎంచుకోవాలి. అధ్యాయాల వరుస మారవచ్చు గానీ ఘర్షణ, ధ్వని, కణం ఏ బోర్డులోనైనా అవే.

తెలుగు మాట తెలియనప్పుడు వికీపీడియా పనికొస్తుంది. ఇంగ్లీషు వ్యాసం తెరిచి, భాషల జాబితాలో తెలుగు ఉంటే దానిని నొక్కి, వచ్చిన పేజీ అడుగున ఉన్న వర్గాలను చూడాలి. ఆ వర్గం పేరుపై నొక్కితే అదే శాఖకు చెందిన ఇతర వ్యాసాలు, ఉపవర్గాలు బయటపడతాయి. మనకు అడగడం తెలియని ప్రశ్నలకు కూడా జవాబులు చాలాసార్లు అక్కడే దొరుకుతాయి.

కళాశాల విద్యార్థులకు ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్ ఉంది. ఇందులో కోర్సులు విభాగాలవారీగా ఉంటాయి కాబట్టి ఒకే విషయం అనేక చోట్ల కనిపిస్తుంది. థర్మోడైనమిక్స్‌నే తీసుకుంటే, మెకానికల్ విభాగంలో దృష్టి ఇంజన్ల మీద, కెమికల్ విభాగంలో మిశ్రమాల మీద ఎక్కువగా ఉంటుంది. అందువల్ల ఒక విభాగంలో తొలుత కనిపించిన కోర్సుతో ఆగిపోకుండా, పొరుగు విభాగాలు కూడా తెరిచి, ప్రతి కోర్సు పేజీలోని వారాలవారీ ప్రణాళికను పోల్చి చూసి, మొదటి రెండు వారాల అంశాలు తమ సిలబస్‌కు దగ్గరగా ఉన్నదానినే ఎంచుకోవాలి.

ఐఐటీ ఖరగ్‌పూర్ రూపొందించిన భారత జాతీయ డిజిటల్ లైబ్రరీలో వనరుల వివరాలలో డ్యూయీ పద్ధతి, అంటే గ్రంథాలయాల్లో ఒక్కో విషయానికి ఒక్కో అంకె కేటాయించే పద్ధతి ప్రకారం విషయ వర్గం ఇస్తారు. ఆ పద్ధతిలో 500 విజ్ఞానశాస్త్రం, 530 భౌతికశాస్త్రం, 536 ఉష్ణం. ఈ అంకెలు తెలిసినవారికి డ్యూయీని అనుసరించే ఏ గ్రంథాలయంలోనైనా కావలసిన పుస్తకాల అల్మరా వెతుక్కోవడం తేలికే. ఒకే విషయాన్ని పలు కోణాల నుంచి విడదీసి చూపే కోలన్ వర్గీకరణను మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో ప్రచురించారు. నేటి పోర్టళ్లలో విషయం, స్థాయి, భాష అంటూ పక్కన కనిపించే ఫిల్టర్లు చేసేది కూడా దాదాపు ఆ పనే. వీటిలో విషయాన్ని ముందు, స్థాయిని తరువాత, భాషను చివర ఎంచుకోవాలి. తెలుగును మొదటే ఎంచుకుంటే జాబితా ఒక్కసారిగా కుదించుకుపోయి, ఆ శాఖలో ఏమేమి ఉన్నాయో తెలియకుండా పోతుంది.

పోర్టల్ నుంచి బయటి సైటుకు వెళ్లినప్పుడు చిరునామా చివరి భాగాన్ని గమనించాలి. డాట్ ఏసీ డాట్ ఇన్ విద్యా, పరిశోధన సంస్థలకు, డాట్ జీఓవీ డాట్ ఇన్ ప్రభుత్వానికి ఇచ్చేవి. డాట్ ఓఆర్‌జీ మాత్రం ఎవరైనా తీసుకోవచ్చు. నిర్వాహకులెవరో చెప్పకుండా ముందే ఫోన్ నంబరు అడిగే సైటును వదిలేయడమే మంచిది. పనికొచ్చిన పేజీలను బ్రౌజర్ బుక్‌మార్కులలో ఆ వర్గం పేరుతోనే ఫోల్డరు చేసి దాచుకోవాలి. సైటు ముఖపుటను కాకుండా, కోరిన శాఖ తెరుచుకునే పేజీనే దాచుకుంటే మరుసటిసారి పైనుంచి దిగే పని ఉండదు.