చలికాలపు బురదలో కోళ్లు, కూరమడులు: సమస్య - పరిష్కారం

చలికాలమంతా ముసురు పట్టే చోట కోళ్లనీ కూరగాయల్నీ పక్కపక్కనే పెంచితే ఫిర్యాదులు పది రకాలుగా వస్తాయి. మూలం చాలాసార్లు ఒకటే: నీళ్లు పోయే దారి లేకపోవడం. మందు కొనేముందు వానలో గొడుగేసుకుని నిలబడి, నీళ్లు ఎక్కడ పడి ఎటు పోతున్నాయో చూడండి. ఈ చిన్న పనికి నాకు రెండు చలికాలాలు పట్టింది.

దొడ్డంతా రొచ్చు, చెప్పు ఇరుక్కుపోతోంది

కోళ్లు గడ్డిని వేళ్లతో సహా గీకేస్తాయి. పట్టు పోయిన మట్టి మీద రెట్ట, దాని మీద గూటి చూరు నుంచి కారే నీళ్లు. ఇక తొక్కుడు సరేసరి.

ఇక్కడ పనుల వరుస ముఖ్యం. ముందు చూరుకు గొట్టం కట్టి నీళ్లను దొడ్డి బయటికి పంపండి. ఎగువ వైపు చిన్న కాలువ తీయండి. పైనున్న రొచ్చు గీకి తీసేయండి. ఆ తర్వాతే ముతక చెక్కముక్కలు జానెడు మందాన పరవండి. సన్నటి రంపపు పొట్టు ఆరుబయట పనికిరాదు, బురదలో కలిసిపోతుంది. గడ్డి పరిచారా, కొన్నాళ్లకే కుళ్లి బూజు పడుతుంది. ఆ బూజు కోళ్ల ఊపిరితిత్తులకు చేటు. నేను మొదటి ఏడు గడ్డే పరిచాను. రొచ్చు రెట్టింపయింది.

ఒక మూల పైకప్పు వేసి పొడి మట్టి ఉంచండి. దుమ్ములో పొర్లకపోతే పేలు పెరుగుతాయి.

గూటి తలుపు తీయగానే కళ్లు మండుతున్నాయి

అది అమోనియా, తడి రెట్ట నుంచి వచ్చే ఘాటు వాయువు. చలేస్తుందని సందులన్నీ మూసేస్తే రెట్టలోని తడి, ఊపిరిలోని తేమ లోపలే ఉండిపోతాయి. పొడిగా ఉన్న కోడి చలికి బాగానే ఓర్చుకుంటుంది, తడికే ఓడిపోతుంది. కోళ్లు కూర్చునే కర్రకు పైన, చూరు కింద రెండు వైపులా గాలి సందులు వదలండి. గాలి నేరుగా వాటి ఒంటికి తగలకూడదు. గూట్లో పరిచిన పొట్టు గుప్పెడు తీసి పిండండి. ముద్ద కట్టిందంటే మార్చాల్సిందే. ఎక్కువగా కర్ర కింద, నీళ్ల తొట్టి చుట్టూ తడుస్తుంది.

గుడ్లు తగ్గాయి

ఈ పాపం బురదది కాదు, చలికాలపు పొట్టి పగళ్లది. బాగా పెట్టాలంటే రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి, పైగా ఈకలు రాల్చే కోళ్లు గుడ్లు ఆపేస్తాయి. తెల్లవారుజామున టైమర్ లైటు పెట్టొచ్చు. నేను పెట్టను, వాటికీ విశ్రాంతి కావాలి కదా!

కుంటుతోంది, రెట్టలో రక్తం

పాదం అడుగున నల్లటి పొక్కు, వాపు ఉంటే గాయంలోకి సూక్ష్మజీవులు చేరినట్టు. కర్రను నున్నగా చేసి, ఎత్తు తగ్గించండి. వాపు పెరిగితే పశువైద్యుడే దిక్కు. కోడిపిల్లల రెట్టలో రక్తం కనిపిస్తే కాక్సిడియోసిస్ (పేగుల్లో చేరే పరాన్నజీవుల జబ్బు) కావచ్చు. ఒక్కరోజు కూడా ఆగకుండా పశువైద్యుడికి చూపించండి.

మొక్కలు తడిలోనే ఉన్నా ఆకులు పసుపెక్కుతున్నాయి

నీళ్లు నిలిచిన మట్టిలో వేళ్లకు గాలి అందదు, నత్రజనీ కొట్టుకుపోతుంది. కంగారుపడి ఎరువు వేస్తే అదీ నీళ్లపాలే. మడుల మధ్య కాలువలు తీయండి, మడిని అడుగు ఎత్తు లేపండి. తడి మట్టిని తవ్వకండి, తొక్కకండి; తప్పదంటే చెక్క పలక వేసి దాని మీద నిలబడండి. గుప్పెడు మట్టి పిండి వేలితో పొడిచినప్పుడు ఉండ పొడిపొడిగా విరిగితే తవ్వొచ్చు. వేలికి అంటుకుంటే పార పక్కన పెట్టేయండి.

నత్తల్ని తింటాయని కోళ్లను వదిలితే మడే పోయింది

కోళ్లు నత్తల్ని తింటాయి, నిజమే. మొలకలూ తింటాయి, మట్టినీ తొక్కి గట్టిపరుస్తాయి. కొన్ని నత్తల ద్వారా కోడి గొంతులోకి పురుగులు చేరే ప్రమాదమూ ఉంది. పంట లేని మడిలోకి, అదీ మట్టి ఆరాకే వదలండి. పచ్చి రెట్ట వేళ్లను మాడ్చేస్తుంది, అందులో మనుషులకు జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా కూడా ఉండొచ్చు. అందుకే మట్టికి తగిలే కూరలకు పచ్చి రెట్ట పడ్డాక కోతకు కనీసం 120 రోజులు గడువివ్వాలి.

చలికాలం పోయాక దొడ్డిలోని పాత చెక్కముక్కలను జల్లించండి. సన్నగా నలిగింది రెట్టతో పాటు కంపోస్ట్ కుప్పలోకి, ముతకది తిరిగి దొడ్డిలోకి.