తుఫానుకి పైకప్పు పోతే ఇన్సూరెన్స్ డబ్బులు రాబట్టుకోవడం ఎలా

పైకప్పు ఎలాగూ పాతబడింది, ఇన్సూరెన్స్ ఉంది కదా, ఈ వంకన కొత్తది వేయించేద్దాం అనుకుంటే కుదరదు. ఇంటి ఇన్సూరెన్స్ ఫలానా కారణాలకే వర్తిస్తుంది: తుఫాను, గాలివాన, వరద, పిడుగు, అగ్నిప్రమాదం, భూకంపం, ఇంటి మీద చెట్టు పడటం, ఇలాంటివి. ఆ కారణం ఫలానా రోజున వచ్చిందని, దానివల్లే ఈ పెంకులు లేచిపోయాయని చూపించగలిగితే డబ్బులొస్తాయి, చూపించలేకపోతే ఎంత గట్టిగా అరిచినా రావు. కింద రాసిందంతా ఆ చూపించడం ఎలా అన్న దాని గురించే.

మన గోదావరి డెల్టాలో కారణాలకి మాత్రం కొదవలేదు. 1996 నవంబరు తుఫాను కోనసీమ కొబ్బరి తోటల్ని ఏం చేసిందో పెద్దవాళ్ళని అడిగితే ఇప్పటికీ చెబుతారు. 2018 డిసెంబరులో పెథాయ్ యానాం దగ్గర, 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా నరసాపురం దగ్గర్లో తీరం దాటాయి. అయినా మన దగ్గర బండికి ఇన్సూరెన్స్ కట్టేవాళ్ళే తప్ప ఇంటికి కట్టేవాళ్ళు పెద్దగా కనపడరు, బండికైతే పోలీసులు ఆపుతారు మరి.

ముందు అసలు మీకు పాలసీ ఉందో లేదో చూసుకోండి. బ్యాంకులో ఇంటి లోను తీసుకున్నవాళ్ళు చాలామంది "మాకు ఇన్సూరెన్స్ ఉందండీ, లోనుతో పాటే కట్టించుకున్నారు" అంటారు. ఆ కాగితం బయటికి తీసి చదివితే ఒక్కోసారి అది లోను తీసుకున్న మనిషి చనిపోతే బాకీ తీర్చే పాలసీ అయి ఉంటుంది, అది జీవిత బీమా, దానికీ మీ రేకులకీ ఏ సంబంధమూ లేదు. ఇంటికి కట్టిన పాలసీ వేరే ఉంటుంది. ఒకవేళ ఉంటే దాని మీద బ్యాంకు పేరు కూడా ఉంటుంది, కాబట్టి క్లెయిము డబ్బు బ్యాంకు ద్వారా రావచ్చు, బ్రాంచికి వెళ్ళి పాలసీ కాపీ అడిగి తెచ్చుకోండి.

2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ఇళ్ళకి 'భారత్ గృహ రక్ష' అనే ఒకే తీరు పాలసీ అమ్మాలని బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ నియమం పెట్టింది. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా మూల షరతులు ఒకటే. ఇంటికి ఎంత మొత్తానికి బీమా అన్నది స్థలం ధరతో సంబంధం లేకుండా, లోపలి కొలత విస్తీర్ణాన్ని ఆ ఊళ్ళో కట్టుబడి రేటుతో హెచ్చించి వేస్తారు. అంటే వెయ్యి చదరపు అడుగుల ఇంటికి అడుగు 1,800 చొప్పున అనుకుంటే 18 లక్షలు. అమలాపురంలో సెంటు ఎంత పలుకుతోందన్నది ఇక్కడ అనవసరం. ఇంట్లో సామాన్లకి విడిగా జాబితా ఇవ్వకపోయినా ఇంటి మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, అందులోనే కలిసి వస్తుంది, కాబట్టి పైకప్పు లేచి వాన లోపలికి కొట్టి మంచాలూ ఫ్రిజ్జూ పాడైతే వాటినీ రాయడం మర్చిపోవద్దు. వసారా, ప్రహరీ, గేటు, నీళ్ళ ట్యాంకు, డాబా మీద పెట్టించిన సోలార్ పలకలు కూడా ఇంటి కిందే లెక్క. కొబ్బరి చెట్లు కావు. చెట్టు ఇంటి మీద పడితే ఇంటికిస్తారు, చెట్టుకివ్వరు.

ఇక క్లెయిము దెబ్బతినే చోట్లు. తుఫానేమీ లేకుండా మామూలు వానలకే శ్లాబు కారుతుంటే, ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడిపోతుంటే, చెదపట్టి దూలం కుంగితే క్లెయిము లేదు, అది కాలం తెచ్చిన అరుగుదల. లంక గ్రామాల వాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. గోదావరి వరద నీళ్ళు ఇంట్లోకొచ్చి నష్టం జరిగితే పాలసీ వర్తిస్తుంది గానీ, ఏరు గట్టుని కోసుకుంటూ వచ్చి ఇంటి కింద నేల జారిపోతే నదీ కోత కింద మినహాయింపు పెట్టారు. కోతకి గురవుతున్న గట్టు మీద ఇల్లున్నవాళ్ళు ప్రీమియం కట్టేముందే ఆ పేరా చదవండి. తాటాకు పాక అయితే ప్రపోజల్‌ ఫారంలోనే అలాగే రాయాలి, పెంకుటిల్లని రాసి తీసుకుంటే, నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే సర్వేయరు వచ్చిన రోజునే కథ ముగుస్తుంది.

పేర్ల గొడవ మన వైపు ఇంకా ఎక్కువ. ఇల్లు తాతగారి పేరున, పన్ను నాన్నగారి పేరున, పాలసీ హైదరాబాదులో ఉన్న అబ్బాయి పేరున ఉంటుంది. ఇంటికి నష్టం జరిగితే పాలసీదారుకి నష్టం జరిగినట్టు కాగితం మీద కనపడాలి. పంపకాలు కాకపోతే కనీసం వారసుల కాగితం, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఒక చోట పెట్టుకోండి, వీలైతే తుఫాను సీజను రాకముందే పంచాయతీలో పేరు మార్పించుకోండి. అందరూ గల్ఫ్‌లోనో హైదరాబాదులోనో ఉండి ఇల్లు నెలల తరబడి తాళం వేసి ఉంటే ఆ సంగతి కంపెనీకి మెయిల్‌లో ముందే చెప్పేయడం మంచిది, ఖాళీ ఇంటి గురించి తర్వాత అడిగితే చూపించడానికి ఉంటుంది. ఇంకొకటి, వాయుగుండం బలపడుతోందని టీవీలో చూశాక పాలసీ కోసం పరిగెత్తేవాళ్ళుంటారు. ప్రీమియం కంపెనీకి చేరాక గానీ బీమా మొదలవదు, అది చట్టం.

ఏటా అక్టోబరు రాకముందు ఒక పని చేయండి, ఖర్చేమీ లేదు. ఫోనుతో పైకప్పుని నాలుగు వైపుల నుంచీ, లోపల అటక మీద నుంచి దూలాలూ వాసాలూ కనపడేలా, రేకులైతే బోల్టులు బిగించిన చోట దగ్గరగా ఫొటోలు తీసి ఇంట్లో ఎవరికైనా వాట్సాప్‌లో పంపేయండి. తేదీ దానికదే పడుతుంది. "ఈ వాసం ముందే పుచ్చిపోయి ఉందండీ" అని సర్వేయరు అన్నప్పుడు మీ నోటి మాట కన్నా ఆ ఫొటోకే విలువ.

తుఫాను వెళ్ళిన పొద్దున్న. ముందు కరెంటు మెయిన్ ఆపండి, మనుషులు జాగ్రత్త, సిమెంటు రేకు మీద మాత్రం కాలు పెట్టకండి, తడిస్తే ఇంకా జారుతుంది. తర్వాత ఏదీ కదపకుండా ఫొటోలూ వీడియోలూ తీయండి. ఎగిరిపోయిన రేకు పక్కవాళ్ళ చేలో పడితే అక్కడే తీయండి, గాలికే పోయిందనడానికి అంతకన్నా సాక్ష్యం ఉండదు. చెట్టు పడితే దాన్ని కోసే ముందు పైకప్పు మీద ఉన్నట్టుగానే తీయండి, ఈ పని మాత్రం దాదాపు అందరూ మర్చిపోతారు, ఎందుకంటే కోత మిషను ఉన్న కుర్రాడు ఆ రోజు దొరకడమే గొప్ప, వచ్చాడంటే ముందు కోయించేస్తాం.

అదే రోజు కంపెనీకి చెప్పాలి. టోల్ ఫ్రీకి ఫోను చేసి క్లెయిము నంబరు తీసుకోండి, టవర్లు పడిపోయి లైను కలవకపోతే సిగ్నల్ ఉన్న చోటికి వెళ్ళి అయినా ఒక మెయిల్ కొట్టండి, ఏజెంటుకి చెప్పాం కదా అని ఊరుకోవద్దు. నష్టం గమనించిన రోజు నుంచి 30 రోజుల్లోపు క్లెయిము ఫారం నింపి ఇవ్వాలని పాలసీలోనే ఉంటుంది. ఈలోగా వాన మళ్ళీ వస్తే నష్టం పెరగకుండా చూసుకోవడం మీ బాధ్యతే, అందుకని బరకం కొని కప్పించండి, ఆ బిల్లు దాచండి, కూలికి ఇచ్చింది రాయించుకోండి. కానీ శాశ్వతమైన మరమ్మతు మాత్రం సర్వేయరు చూసిందాకా మొదలుపెట్టొద్దు. విరిగిన పెంకులూ రేకు ముక్కలూ రోడ్డు గుంతల్లో పోయకుండా పెరట్లో ఒక మూల కుప్పగా ఉంచండి.

గ్రామ సచివాలయం నుంచి ఇళ్ళ నష్టం రాసుకోవడానికి వస్తారు, అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండండి. ప్రభుత్వ సాయం వేరు, ఇన్సూరెన్స్ వేరు. కానీ ఆ జాబితాలో మీ పేరు, ఇంటి నంబరు, నష్టం తీరు ఉంటే కంపెనీ ముందు అది మంచి ఆధారం. మీ మండలం పేరు వచ్చిన తుఫాను వార్త పేపరు కటింగు కూడా ఒకటి పెట్టండి.

అంచనా దగ్గరే అసలు యుద్ధం. సర్వేయరు పైకి చూసి 'పెంకులు 200 విరిగాయి' అని రాసుకుని వెళ్ళిపోతే మీకు వచ్చేది ఆ 200 పెంకుల ఖరీదు, కొంచెం కూలి. నిజానికి మంగళూరు పెంకుటింట్లో రెండు వాసాలు విరిగితే ఆ వాలు మొత్తం పెంకు దించి, రీపర్లు (పెంకు ఆనడానికి వాసాల మీద అడ్డంగా కొట్టే సన్న చెక్కలు) పీకి, వాసాలు మార్చి మళ్ళీ నేయాలి. దించేటప్పుడు పాత పెంకు కొంత పగలక మానదు, పాత సైజు ఇప్పుడు దొరకడమూ కష్టమే. ఇది మీరు చెబితే వినడు, వడ్రంగి మేస్త్రి చెబితే వింటాడు. అందుకని సర్వేయరు వచ్చే రోజు మేస్త్రిని, ఒక నిచ్చెనని ఇంటి దగ్గర ఉంచండి, సగం రోజు కూలి పోయినా ఫర్వాలేదు. అంచనాని 'పైకప్పు మరమ్మతు, మొత్తం ఇంత' అని ఒక్క లైనులో కాకుండా కలప ఎన్ని అడుగులు, ఏ కలప, రీపర్లు ఎన్ని, పెంకులు ఎన్ని, దించే కూలి, నేసే కూలి, శిథిలాల తరలింపు అని విడివిడిగా రాయించండి. రేకులకైతే రేకు కొలత, మందం, బోల్టులు, కింద ఇనుప పైపు వంగిందా లేదా అన్నది. శిథిలాలు తీయించిన ఖర్చుకి క్లెయిములో 2 శాతం దాకా, ఇంజినీరు ఫీజుకి 5 శాతం దాకా పాలసీలోనే ఉంది, చాలామంది అడగనే అడగరు.

కంపెనీ ఇచ్చేది ఇల్లు నష్టానికి ముందు ఎలా ఉందో ఆ స్థితికి తేవడానికయ్యే ఖర్చు. సిమెంటు రేకులు పోయిన చోట శ్లాబు వేసుకుంటే రేకుల ఖర్చే వస్తుంది, మిగతాది మీరు పెట్టుకోవాలి. తప్పేం లేదు, కానీ క్లెయిములో శ్లాబు అంచనా పెట్టి రభస చేయకండి, మొత్తం ఫైలు మీదే అనుమానం వస్తుంది. మరమ్మతు చేయించి బిల్లులు పెట్టాక డబ్బిచ్చే పద్ధతి కాబట్టి షాపులో జీఎస్టీ బిల్లే అడగండి. కూలి రసీదు 5,000 దాటితే రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టించండి. పని సగంలో, పూర్తయ్యాక కూడా ఫొటోలు తీయండి.

2024లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిము చెప్పిన 24 గంటల్లో సర్వేయర్ని నియమించాలి, 15 రోజుల్లో అతని రిపోర్టు రావాలి, రిపోర్టు అందిన 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. పెద్ద తుఫాను తర్వాత రాజమండ్రి, కాకినాడ సర్వేయర్లందరూ ఒకేసారి పరుగుల మీద ఉంటారు, ఆలస్యం అవుతుంది, అయినా గడువులు గుర్తుచేస్తూ మెయిల్ పెట్టడం మానొద్దు. ఫోనులో మాట్లాడిందేదైనా సాయంత్రానికి రెండు లైన్లలో మెయిల్ చేయండి. తక్కువ మొత్తం చెప్పి 'ఇదే పూర్తి సెటిల్‌మెంట్' అని ఓచరు మీద సంతకం అడిగితే, నచ్చకపోతే సంతకం పెట్టేముందే ఏ అంశానికి ఎంత కోశారో రాతపూర్వకంగా అడగండి, సర్వే రిపోర్టు కాపీ కూడా అడగండి. సంతకం పెట్టాక వాదించడం చాలా కష్టం.

ఇంకా తెగకపోతే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి, ఐఆర్‌డీఏఐ వాళ్ళ ఫిర్యాదుల వెబ్‌సైటు బీమా భరోసాలో నమోదు చేయండి, లేదా వాళ్ళ నంబరు 155255కి ఫోను చేయండి. నెల గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, కంపెనీకీ పాలసీదారుకీ మధ్య గొడవలు తీర్చే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. హైదరాబాదు ఆఫీసు పరిధిలోకి ఆంధ్రప్రదేశ్, తెలంగాణతో పాటు యానాం కూడా వస్తుంది, కాబట్టి పాండిచ్చేరి వెళ్ళాలేమో అని యానాం వాళ్ళు టెన్షన్ పడక్కర్లేదు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వ్యవహారాలు చూస్తారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్ళాలి, అదే గొడవ మీద అప్పటికే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి ఉంటే మాత్రం తీసుకోరు. అంబుడ్స్‌మన్ తీర్పిస్తే కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి. మీకు ఆ తీర్పు నచ్చకపోతే వినియోగదారుల కమిషన్ దారి అప్పటికీ తెరిచే ఉంటుంది.