బ్లెండర్ కెమెరాలో డాల్ఫిన్ నోస్ మాయమైతే: సమస్య - పరిష్కారం

ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్, పక్కన సముద్రం, దూరంగా డాల్ఫిన్ నోస్ కొండ. మద్దిలపాలెంలో నా దగ్గర బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ నేర్చుకునే పిల్లలకు మొదట ఇచ్చే సీన్ ఇదే. మోడల్స్ చేసేదాకా బాగానే ఉంటుంది. కెమెరా పెట్టాకే టెన్షన్ మొదలవుతుంది.

సమస్య: సీన్‌లో కొండ ఉంది, కెమెరాలోంచి చూస్తే లేదు

కెమెరా ఎంత దూరం వరకు చూడాలో క్లిప్ ఎండ్ చెబుతుంది. అక్కడ 100 ఉంటే 100 మీటర్ల దగ్గరే చూపు ఆగిపోతుంది. బీచ్ నుంచి ఆ కొండ కిలోమీటర్ల దూరం. కెమెరాను సెలెక్ట్ చేసి, ప్రాపర్టీస్‌లో ఆకుపచ్చ కెమెరా గుర్తు నొక్కి, లెన్స్ కింద ఎండ్‌ను 10000 చేయండి. మామూలు వ్యూలో కూడా కొండ కనబడకపోతే అది వేరే సెట్టింగ్. ఎన్ నొక్కి వ్యూ ట్యాబ్‌లో ఉన్న ఎండ్ పెంచాలి.

ఎండ్ పెంచాక దూరంగా నీళ్లూ ఇసుకా కలిసేచోట మినుకుమినుకుమంటుంటే క్లిప్ స్టార్ట్ చూడండి. వ్యూపోర్ట్ (మనం పనిచేసే కిటికీ), ఈవీ (బ్లెండర్‌లో వేగంగా బొమ్మ తీసే రెండర్ ఇంజిన్) రెండూ దూరాన్ని పరిమితమైన అంకెల్లోనే కొలుస్తాయి. స్టార్ట్ 0.01 లాంటి చిన్న విలువైతే ఆ అంకెల్లో చాలా భాగం కెమెరా ముందే ఖర్చయిపోతుంది. ఈ సీన్‌లో మీటరు కన్నా దగ్గర ఏమీ లేదు, 1 పెట్టేయండి. సైకిల్స్ అనే ఇంకో రెండర్ ఇంజిన్ కాంతి కిరణాలతో లెక్కకడుతుంది కాబట్టి క్లిప్ విలువల వల్ల అందులో ఈ మినుకులు రావు.

సమస్య: సబ్‌మెరైన్ టేబుల్ మీది బొమ్మలా కనబడుతోంది

ఒకమ్మాయి దీనికోసం రెండు రోజులు లైట్లు మార్చింది, టెక్స్చర్లు మార్చింది. పాపం, తప్పు వాటిలో లేదు. ఎన్ ప్యానెల్‌లో డైమెన్షన్స్ చూస్తే పొడవు 0.91 మీటర్లు! అసలు కుర్సురా పొడవు 91 మీటర్లు. వేరే సాఫ్ట్‌వేర్ నుంచి తెచ్చినప్పుడు యూనిట్లు మారిపోయాయి.

డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (ఫోకస్‌లో లేనిదాన్ని మసకబార్చే సెట్టింగ్) ఆన్ చేస్తే బ్లెండర్ కెమెరా నిజం కెమెరాలాగే లెక్కవేస్తుంది. 50 ఎంఎం లెన్స్, ఎఫ్-స్టాప్ (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, పెరిగేకొద్దీ మసక తగ్గుతుంది) 2.8, ఫోకస్ 1.5 మీటర్ల దగ్గర ఉంటే, 1920 పిక్సెళ్ల వెడల్పు ఫ్రేమ్‌లో వెనక ఉన్న కొండ ముప్పై పిక్సెళ్లకు పైగా మసకబారుతుంది. అదే ఫోకస్ 150 మీటర్ల దగ్గర ఉంటే ఆ మసక ఒక పిక్సెల్‌లో మూడో వంతు కూడా కాదు. వెనకంతా మసకగా ఉంటే మన కన్ను దాన్ని చిన్న వస్తువనే నమ్ముతుంది. ఎఫ్-స్టాప్ పెంచి కప్పిపుచ్చవద్దు, కొలత సరిచేయండి: మోడల్‌ను సెలెక్ట్ చేసి ఎస్, 100, ఎంటర్. తర్వాత కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చేసి, కెమెరాను అంతే నిష్పత్తిలో వెనక్కి జరపండి. కొత్త సీన్‌లో కెమెరా ముట్టుకునే ముందే డైమెన్షన్స్ చూడమని నేను పట్టుబట్టేది ఇందుకే.

దగ్గరి షాట్‌లో ఫోకస్ తప్పితే మాత్రం ఆరిజిన్ చుక్కను (మోడల్ స్థానాన్ని గుర్తించే చుక్క) అనుమానించండి. ఫోకస్ ఆబ్జెక్ట్‌గా సబ్‌మెరైన్‌ను ఇస్తే ఫోకస్ ఆ చుక్క మీదే పడుతుంది, మీరు చూపించాలనుకున్న ముక్కు మీద కాదు. ముక్కు దగ్గర ఒక ఎంప్టీ (రెండర్‌లో కనబడని గుర్తు) పెట్టి దాన్నే ఫోకస్‌గా ఇవ్వండి.

సమస్య: బీచ్ రోడ్డు వెంట కెమెరా సిటీ బస్సులా ఆగి ఆగి వెళ్తోంది

కీఫ్రేములు (ఏ సమయానికి కెమెరా ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) ఎక్కువై, వాటి మధ్య దూరానికీ సమయానికీ పొంతన లేకపోతే ఇలా అవుతుంది. మధ్యవి తీసేయండి. రోడ్డు వంపు కావాలంటే ఒక కర్వ్ గీసి, కెమెరాకు ఫాలో పాత్ కన్‌స్ట్రెయింట్ (ఆ గీత వెంటే నడిపించే నిబంధన) ఇచ్చి, ఫిక్స్‌డ్ పొజిషన్ టిక్ చేసి, ఆఫ్‌సెట్‌కు మొదట 0, చివర 1 కీ పెట్టండి. ఆల్ట్ జీ నొక్కి కెమెరా సొంత లొకేషన్ తీసేయడం మర్చిపోవద్దు, లేదంటే దారి పక్కన తేలుతుంది. వేగం ఒకేలా ఉండాలంటే గ్రాఫ్ ఎడిటర్‌లో టీ నొక్కి లీనియర్.

సమస్య: రీల్ కోసం నిలువు ఫ్రేమ్ చేస్తే రెండు పక్కలా తెగిపోయింది

కెమెరా సెట్టింగుల్లో సెన్సార్ ఫిట్ ఆటోలో ఉంటే సెన్సార్ 36 ఎంఎం కొలత ఎప్పుడూ ఫ్రేమ్‌లో పొడవైన వైపుకే పోతుంది. 1080, 1920 చేయగానే అడ్డంగా 20.25 ఎంఎం మాత్రమే మిగులుతుంది. ఫిట్‌ను హారిజాంటల్‌కు మార్చండి. పక్కలు అలాగే ఉండి, పైన ఆకాశం, కింద ఇసుక అదనంగా వస్తాయి.

సమస్య: రెండర్ కోసం ఎఫ్ 12 కొడితే వేరే కెమెరా దృశ్యం వస్తోంది

కావలసిన కెమెరాను సెలెక్ట్ చేసి కంట్రోల్, నంబర్‌ప్యాడ్ 0 నొక్కండి. లాప్‌టాప్‌లో నంబర్‌ప్యాడ్ లేకపోతే వ్యూ మెనూలో కెమెరాస్ కింద ఇదే పని ఉంది.