బ్యారెల్ రేసింగ్ గుర్రం తల ఎత్తేస్తోందా? కొత్త సామాను కొనేముందు ఇవి చూసుకోండి

పీపాల చుట్టూ మలుపులు తిరిగే బ్యారెల్ రేసింగ్‌లో, మలుపు దగ్గర గుర్రం తల పైకి విసిరేస్తోందని వెంటనే టైడౌన్ (తల మరీ ఎత్తకుండా ముక్కుపట్టీని కిందికి కట్టి ఉంచే పట్టీ) కొనేయకండి. ముందు పళ్లు చూపించండి. దవడ పళ్లకు ముందు వచ్చే చిన్న వుల్ఫ్ పళ్లకు బిట్ (కళ్లెంలో నోట్లో ఉండే ముక్క) తగిలినా, జీను భుజాల దగ్గర నొక్కుతున్నా, వెన్ను నొప్పిగా ఉన్నా అది చేసేది ఇదే, అప్పుడు పట్టీ కట్టి తల దించితే నొప్పిని దాచిపెట్టినట్టే.

తర్వాత మీ చేతులు. పగ్గం గుంజి పట్టుకునే అలవాటుంటే ఏ బిట్ మార్చినా దండగ, ఎవరితోనైనా వీడియో తీయించుకుని చూడండి.

నేర్పడానికైతే నున్నటి స్నాఫిల్ బిట్ (పగ్గం లాగుడు నేరుగా నోటికి తగిలే సాదా బిట్) చాలు. దాంతో రన్నింగ్ మార్టింగేల్ (ఛాతీ వైపు నుంచి వచ్చే పట్టీ, దాని చివరి రింగుల్లోంచి పగ్గాలు దూరతాయి) వాడితే పగ్గాలకు స్టాపర్లు తప్పనిసరి, లేకపోతే రింగు జారి బిట్ దగ్గర ఇరుక్కుంటుంది. ఛాతీ వైపు నుంచి వచ్చి బిట్ రింగుల్లోంచి దూరి పగ్గాలకు తగిలించే జర్మన్ మార్టింగేల్‌లో గుర్రం తల దించగానే ఒత్తిడి వదలాలి, వదలకపోతే మరీ బిగించారన్నమాట.

టైడౌన్ తల దించడం నేర్పదు, నా ఉద్దేశంలో చాలామంది పొరబడేది ఇక్కడే. గుర్రం దానిమీద ఆనుకుని బ్యాలెన్స్ చేసుకుంటుంది, అంతే. కట్టక తప్పదనుకుంటే, గుర్రం మామూలుగా నిలబడ్డప్పుడు పట్టీని పైకి నెడితే గొంతు దాకా అందేంత వదులు ఉంచండి. సన్నటి కేబుల్ ముక్కుపట్టీ వద్దు. నీళ్లలోకి దిగేముందు విప్పేయండి, తల ఎత్తలేక మునిగిపోయే ప్రమాదముంది.

ఏది కొత్తగా కట్టినా మొదట నడకలో, ఆపై నెమ్మది పరుగైన ట్రాట్‌లో, బ్యారెళ్లు లేనిచోట. పోటీకి ముందు రూల్స్‌లో దానికి అనుమతి ఉందో లేదో చూసుకోండి.