బాలరాజు మిహాయ్ వంశవృక్షం గీయడం ఎలా?

రుమేనియా రాజు మొదటి మిహాయ్ వంశవృక్షం గీయదలచినవారు కోఠీలో ఒక పెద్ద చార్టు కొని, దాన్ని అడ్డంగా పరిచి, అతని పేరును అడుగున మధ్యలో పెన్సిలుతో రాయాలి. పేరు కింద 1921 అక్టోబరు 25, సినాయా అని జన్మవివరం చేర్చండి.

ఎడమవైపు తండ్రి రెండవ కరోల్, నాయనమ్మ మారీ, ఆమె తండ్రి ఆల్ఫ్రెడ్. కుడివైపు తల్లి హెలెన్, అమ్మమ్మ సోఫియా, ఆమె తల్లి విక్టోరియా. రెండు వైపులా చివరివారైన విక్టోరియా, ఆల్ఫ్రెడ్ అక్కాతమ్ముళ్లు, బ్రిటన్ రాణి విక్టోరియా సంతానం. కనుక రెండు గీతలూ పైన ఆ రాణి పేరు దగ్గరే కలవాలి. ఇంగ్లీషు పుస్తకాలు అందరినీ ‘కజిన్’ అన్న ఒక్క మాటతో సరిపెడతాయి గాని, మన వరసలు పెడితే చిక్కు ఇట్టే విడిపోతుంది: సోఫియా మారీకి మేనత్త కూతురు, అంటే మిహాయ్ అమ్మమ్మా నాయనమ్మా వదినా మరదళ్లు.

తండ్రి 1925లో వారసత్వం వదులుకున్నందున, తాత ఫెర్డినాండ్ మరణించిన 1927 జూలై 20న అయిదేళ్ల మిహాయ్ రాజయ్యాడు. ముగ్గురు సభ్యుల ప్రతినిధి మండలి అతని తరఫున పాలించింది. 1869లో పసివాడైన నిజాం మహబూబ్ అలీ ఖాన్ పక్షాన సాలార్‌జంగ్ పాలన నడిపిన హైదరాబాదు నగరంలో దీన్ని వేరుగా వివరించనక్కరలేదు. 1930లో కరోల్ తిరిగివచ్చి గద్దెనెక్కి, 1940లో మళ్లీ కొడుక్కి వదిలాడు. అందుచేత మిహాయ్ పాలనను 1927–1930, 1940–1947 అని రెండు వరుసల్లో రాయాలి. ఒకే గీతగా కలిపితే తప్పు.

ఇరవై రెండేళ్ల వయసులో, 1944 ఆగస్టు 23న, నియంత ఆంటొనెస్కును రాజభవనంలోనే నిర్బంధింపజేసిన ఘట్టానికి విడిగా చోటు ఉంచండి. ఆ జీవితంలో నేను అన్నిటికన్నా గౌరవించేది ఆ సాహసాన్నే. వరసలన్నీ మరోసారి సరిచూశాకే సిరా పెట్టండి.